తాళం చేతిలో ఉన్న మనిషి

మా అమ్మమ్మ దగ్గర రెండు మాటలు అనకూడదు. తాళంచెవిని తాళం అనకూడదు. బయటికి వెళుతూ "అరగంటలో వస్తా" అనకూడదు. మొదటిది అంటే చెవి మెలిపెడుతుంది. రెండోది అంటే ఏమీ అనదు. లేచి ఇంట్లో తలుపులన్నీ బార్లా తెరిచి, వీధి గుమ్మంలో నిలబడి, వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా అక్కణ్ణించి కదలదు. చెవి మెలికే నయం.

మాది తాళాల దుకాణం. బస్టాండు వెనక సందులో, కళ్లజోళ్ల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో చెవులు కోసే మిషను నాది. చెవి బిగించే వైసు, ఆకురాళ్లు, దీపం ఉన్న బల్ల అమ్మమ్మది. వెనక గదిలో పాత ఇనుము. పదో తరగతీ నేనూ రెండుసార్లు తలపడి, ఇక ఒకరికొకరం వద్దనుకున్నాక నన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. "అక్షరాలు ఎలాగూ అబ్బలేదు, చెవులైనా కొయ్యి" అంది అమ్మమ్మ. అప్పటికి నాకు పదిహేడు. ఇప్పుడు ఇరవై ఆరు. తొమ్మిదేళ్లలో ఊళ్లో సగం మందికి చెవులు కోసి ఇచ్చాను.

వచ్చేవాళ్లందరిదీ ఒకే పాట.

"అమ్మా, తాళం పోయింది."

"ఏది పోయింది? తలుపుకి వేలాడేదా, జేబులో వేసుకునేదా?" అంటుంది అమ్మమ్మ తలెత్తకుండా.

"జేబులోదే."

"దాన్ని చెవి అంటారు నాయనా. తాళం తలుపుకే ఉంది. అదే పోయుంటే నువ్వు ఇక్కడికి కాదు, పోలీసుస్టేషనుకి వెళ్లేవాడివి."

ఈ జబ్బు వాళ్ల నాన్నది. ఆయన తాళాల పనిలో దిట్ట. పిల్లలు తిప్పేదాన్ని తాళం అన్నారంటే చాలు, కుడిచెవి పట్టుకుని మెలితిప్పుతూ, "ఇది చెవి. ఇలా తిప్పేది చెవి. గుర్తుందా?" అనేవాడట. అమ్మమ్మకి త్వరగానే గుర్తుండిపోయింది. వాళ్ల అన్నయ్యకే చాలా కాలం పట్టింది. ఆయన కుడిచెవి ఎడమదానికంటే ఇప్పటికీ పొడుగు. ఆయన కునికిపాట్లు పడుతుండగా నేను స్కేలు పెట్టి కొలిచాను కూడా.

ఆయన్ని నేను "అన్నయ్యతాత" అంటాను. చిన్నప్పుడు అమ్మమ్మ అన్నయ్యా అంటుంటే నేనూ అన్నయ్యా అన్నానట, అమ్మ తిడితే తాత తగిలించానట. డెబ్బై అయిదేళ్ల మనిషి. రోజూ సాయంత్రం నాలుగింటికి బిస్కెట్ల పొట్లంతో దిగుతాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. దుకాణం ఆయన కొని చెల్లెలి పేర రాసినదే. "నీ అమ్మమ్మ కోసిన చెవితో స్వర్గం తలుపు కూడా తెరుచుకుంటుందే, కాకపోతే అక్కడ కూడా తలుపులు తెరిచే ఉంచమని పోట్లాడుతుంది" అని ఆయనే అని ఆయనే నవ్వుతాడు. మేమందరం ఎప్పుడో ఒకప్పుడు నోరుజారి "అరగంటలో వస్తా" అని అమ్మమ్మని గుమ్మంలో నిలబెట్టినవాళ్లమే. ఒక్క అన్నయ్యతాత మాత్రం ఏనాడూ అనలేదు. "అయిదుంపావుకి వస్తా" అంటాడు, లేదా "రేపు వస్తా" అంటాడు. చెల్లెలంటే ఎంత శ్రద్ధో అని అమ్మ మమ్మల్ని దెప్పేది.

తలుపుల సంగతికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది రెండు ముక్కలే. అమ్మమ్మ పంతొమ్మిదేళ్లప్పుడు ఒక బట్టల గోడౌనులో తాళం బాగుచేయడానికి వెళితే, అక్కడి వాచ్‌మన్ ఆవిణ్ణి లోపల పెట్టి తాళం వేసి, బట్టల బేళ్లు దొంగిలించాడు. మూడో రోజు పొద్దున దొరికింది, వాచ్‌మన్ జైలుకి వెళ్లాడు. అంతే. ఆ మూడు రోజులూ అమ్మమ్మకి గుర్తులేవు. గుర్తులేదు అంటే ఏమీ లేదు, తుడిచిన పలక. కొత్త బట్టల షాపులో మాత్రం అడుగుపెట్టదు. కొత్త బట్ట రెండుసార్లు ఉతికితే తప్ప కట్టదు. "పెళ్లినాడు కూడా ఉతికిన బట్టే కట్టుకున్నావా?" అని నేను ఆటపట్టిస్తే, "నీ పెళ్లికి ఉతకని బట్ట కడతాలే, ముందు నిన్ను చేసుకునేవాణ్ణి వెతుకు" అనేది.

ఒక సోమవారం, భోజనాల వేళ దాటాక, ఖాకీ యూనిఫాంలో ఒక ఆవిడ వచ్చింది. బస్సు కండక్టరు. భుజాన సంచీ, సంచీలోంచి గుడ్డలో చుట్టిన బరువైనదేదో తీసి అమ్మమ్మ బల్ల మీద పెట్టింది. విప్పితే అరచెయ్యంత ఇత్తడి తాళం. వేసి ఉంది. దాని కొక్కానికి ఇనుప గడియ, గడియకి ఇంకా అంటుకుని ఒక చెక్కపేడు.

"దీనికి చెవి చెయ్యాలమ్మా."

తాళంచెవిని చెవి అన్న మొదటి గిరాకీ. అమ్మమ్మ సంతోషంతో తలెత్తింది. "ఎవరు నేర్పారమ్మా ఈ మాట?"

"మా నాన్న. ఆ దుకాణంలో అలాగే అడగాలి అన్నాడు. ఆ అమ్మాయికే ఇవ్వు అన్నాడు."

నేను నవ్వేశాను. "ఇక్కడున్న అమ్మాయిని నేనే. కానీ ఇంత పాతది నా మిషనుకి లొంగదు."

కండక్టరు నన్ను చూడలేదు. అమ్మమ్మనే చూస్తోంది. "ఇది బట్టల గోడౌను తాళం. మా నాన్న అక్కడ వాచ్‌మన్."

అమ్మమ్మ చేతిలో ఆకురాయి బల్ల మీద పడింది. అది దొర్లి కింద పడేదాకా ఎవరం పట్టుకోలేదు.

"జైలు నుంచి వదిలినప్పుడు చొక్కా, టార్చిలైటుతో పాటు ఇది కూడా ఇచ్చారట. యజమాని అక్కర్లేదన్నాడట. అప్పట్నించీ మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఆయన మంచం దిగడం లేదు. వారమో, పది రోజులో అన్నాడు డాక్టరు. తాళం తెరిపించుకు రమ్మన్నాడు. ఆ రోజు తలుపు తెరిచినప్పుడు మీరు ఏం చూశారో ఒక్క మాట అడిగి రమ్మన్నాడు. ఆవిడ ఏం చెప్పినా సరే అన్నాడు." ఆవిడ భుజాన సంచీ సర్దుకుంది. "నాకు సరి కాదు. నేను పుట్టేసరికి ఆయన లోపలున్నాడు. నా వయసు యాభై ఒకటి. యాభై ఒక్కేళ్లుగా నేను దొంగ కూతుర్ని. ఆయన మూడో రోజు లోపల మూలుగు విని, చెవి లేక గడియ ఊడబెరికి మిమ్మల్ని బయటికి తీశానంటాడు. అదంతా నాటకం, చెవి ఆయన దగ్గరే ఉందని ఆ పిల్లే చెప్పింది అని కోర్టులో అన్నారు. మీరు చెప్పారా?"

"నాకు గుర్తులేదమ్మా" అంది అమ్మమ్మ.

"చెప్పిన మాట కూడా?"

"ఏదీ."

"అయితే చెవి చెయ్యండి. ఈలోపు గుర్తొస్తే ఆయన బతికుండగా చెప్పండి. నా డ్యూటీ ఈ బస్టాండులోనే."

ఆవిడ వెళ్లిపోయాక చాలాసేపు అమ్మమ్మ తాళాన్ని ముట్టుకోలేదు. పాము పిల్లని చూసినట్టు చూసింది. సరిగ్గా నాలుగింటికి అన్నయ్యతాత వచ్చాడు. "ఏమిటే, బేరాల్లేవా, ఇద్దరూ ముఖముఖాలు చూసుకుంటున్నారు..." అంటూ బల్ల వైపు చూసి ఆగాడు. బిస్కెట్ల పొట్లం నా చేతికి ఇవ్వబోయి తన జేబులోనే పెట్టుకున్నాడు.

"ఎక్కడిదిది?"

నేను చెప్పాను.

"పాత ఇనుము. దీనికి చెవి ఏమిటి, పారెయ్యక? ఇలా ఇవ్వు, నేను తీసుకెళ్లి పగలగొట్టిస్తా. చెల్లాయ్, నీకెందుకు మళ్లీ ఇవన్నీ? ఒంటికి మంచిది కాదు."

అమ్మమ్మ తాళం మీద అరచెయ్యి పెట్టింది. "వద్దన్నయ్యా. పట్టిన పని వదలకూడదని నాన్న చెప్పలేదూ?"

చెవి లేని తాళానికి చెవి చెయ్యడం ఒక తీరు. పళ్లు కొయ్యని బోడి చెవిని దీపం మీద పట్టి మసి పట్టించాలి. తాళంలో పెట్టి మెల్లగా తిప్పాలి. లోపలి బిళ్లలు ఎక్కడ అడ్డొస్తాయో అక్కడ మసి చెరిగి ఇత్తడి మెరుస్తుంది. అక్కడ ఆకురాయితో ఒక్క రుద్దు. మళ్లీ మసి, మళ్లీ తిప్పడం, మళ్లీ రుద్దడం. తొందరపడి ఎక్కువ రుద్దితే అరిగింది మళ్లీ రాదు. ఇలాంటి తాళం అమ్మమ్మకి గంట పని. దీనికి మూడు రోజులు పట్టింది.

మొదటిరోజు బోడి చెవిని తాళంలో పెట్టబోయి రెండుసార్లు బల్ల మీద పెట్టేసింది. ఒకసారి తిప్పి, తీసి, వెలుతురుకి పట్టి చూస్తూ, "కొత్త బట్ట వాసన వస్తోందా నీకు?" అంది.

"మసి వాసన అమ్మమ్మా."

"కాదే. గంజి పెట్టిన కొత్త బట్ట." లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. వచ్చి కూర్చుని మళ్లీ లేచి కడుక్కుంది. ఆ రోజుకి పని అక్కడే ఆగింది.

రెండో రోజు పొద్దున పని మొదలుపెట్టింది. తర్వాత హఠాత్తుగా, "నేను అక్కడికి తాళం బాగుచెయ్యడానికి వెళ్లలేదు" అంది.

"మరి అందరూ..."

"ఈ తాళానికి ఏం రోగం? బిళ్లలు చూడు, ఇప్పటికీ ఎలా ఆడుతున్నాయో. బాగున్న తాళాన్ని బాగుచెయ్యమని ఎవరు పిలుస్తారే?"

యాభై ఏళ్లుగా మా ఇంట్లో అందరం చెప్పుకున్న ముక్క. తాళాల వాళ్లమై ఉండి ఒక్కళ్లం కూడా ఆ ప్రశ్న వెయ్యలేదు.

నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను. ఆవిడ చెవికి మసి పట్టించి వైసులో బిగించి రుద్దుతోంది. నాకేదో తేడాగా అనిపించింది. చెవిని ఇంకా తాళంలో పెట్టి తిప్పనే లేదు. మసి ఎక్కడా చెరగలేదు. ఆవిడ మాత్రం ఒకే చోట, మూడో పన్ను దగ్గర, లోతుగా రుద్దుకుంటూ పోతోంది.

"అమ్మమ్మా, గుర్తు పడకుండానే కోస్తున్నావేం?"

"మూడోది లోతుగానే ఉంటుంది" అంది, మామూలుగా.

"నీకెలా తెలుసు?"

ఆకురాయి ఆగింది. ఆవిడ తన చేతిని తానే చూసుకుంది, ఎవరిదో చెయ్యి తన ఒళ్లో పెట్టినట్టు. తాళంలో పెట్టి తిప్పింది. మూడో పన్ను దగ్గర బిళ్ల మెత్తగా ఒదిగింది.

"ఈ చెవి నేను ముందోసారి కోశానే" అంది. "సబ్బుబిళ్ల మీద అచ్చు తెచ్చారు. గుమాస్తా చెవి పోగొట్టుకున్నాడు, నాన్నకి చెప్పకు, తిడతాడు అన్నారు. కోసిచ్చాను. పోయిన చెవికి అచ్చు ఎక్కడిదని తర్వాత మనసు ఊరుకోలేదు. చూసొద్దామని వెళ్లాను."

"ఎవరు తెచ్చారు?"

కళ్లు మూసుకుంది. "సబ్బు కనపడుతోంది. పట్టుకున్న చెయ్యి కనపడ్డం లేదు."

ఆ మధ్యాహ్నం రెండింటికి అమ్మమ్మ ఇంటికి వెళ్లి కాస్త నడుం వాల్చింది. నేను పక్క షాపులో టీ తాగి వచ్చేసరికి లోపల అన్నయ్యతాత ఉన్నాడు. రెండింటికి! నాకు తెలిసి అదే మొదటిసారి. అమ్మమ్మ బల్ల దగ్గర నా వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. బల్ల మీద తాళం లేదు.

"తాతయ్యా, సంచీ బరువెక్కినట్టుందే. బిస్కెట్లు ఇనపవా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను, కానీ గుమ్మంలోంచి పక్కకి జరగలేదు.

ఆయన తిరిగాడు. ఆయన కూడా నవ్వాడు. "నీవి కళ్లు కాదే, కత్తులు. దాని బాధ చూడలేక... సరేలే." సంచీలోంచి తాళం తీసి పెట్టాడు. పెట్టేటప్పుడు చప్పుడు కాకూడదని రెండు చేతులతో పెట్టాడు. "అమ్మమ్మకి చెప్పకు, తిడుతుంది" అన్నాడు.

నేను చెప్పలేదు. ఆ మాట పొద్దున అమ్మమ్మ నోట విన్నానని సాయంత్రం షట్టరు దించేటప్పుడు గుర్తొచ్చింది. నాన్నకి చెప్పకు, తిడతాడు. రాత్రి తాళం నా తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మూడు దాటాక తాళం తెరుచుకుంది. పెద్ద చప్పుడేమీ కాదు, పళ్ల మధ్య వక్క పగిలినంత. కొక్కెం లేచింది. యాభై ఒక్కేళ్లుగా మూసి ఉన్న తాళం. అమ్మమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ చెప్పింది. నాకు చెబుతున్నట్టు లేదు.

"తలుపు ఊడినంత పని అయింది. ఎండ కళ్లలో పడింది. ఎండలో మనిషి. ఒక చేతిలో గునపం. ఇంకో చేతిలో తాళం."

"చెవా?" అన్నాను.

"చెవి కాదే! తాళం. ఇదే తాళం. గడియ వేలాడుతోంది, చెక్క వేలాడుతోంది. ఊడబెరికాడు కదా. నేను నీళ్లు అన్నాను. పరిగెత్తాడు, చేతిలో తాళంతోనే పరిగెత్తాడు." అమ్మమ్మ ఊపిరి తీసుకుంది. "తర్వాత మంచం. ఇన్‌స్పెక్టరు ముఖం మీదకి వంగి, ఏం చూశావమ్మా అన్నాడు. తాళం వాచ్‌మన్ చేతిలో ఉంది అన్నాను."

ఊళ్లో ఎవరు ఆ మాట అన్నా తిప్పేదనే అర్థం. మా ఇంట్లో పుట్టినవాళ్లు అంటే మాత్రం కాదు.

"ఆయన అడిగాడే. మంచివాడే పాపం, అడిగాడు. తాళం అంటే తాళంచెవేనా అని. నా నోరు ఎండిపోయింది, మాట రాలేదు. పక్కనుంచి చెప్పారు. అవునండీ, మావాళ్లు తాళంచెవినే తాళం అంటారు అని."

"ఎవరు చెప్పారు?"

"మా ఇంట్లో అలా అనేవాళ్లు ఎవరున్నారే? మా నాన్న వినుంటే చెవి తెంపేవాడు. నాన్న మందుల కోసం వెళ్లాడు." ఆవిడ గోడ గడియారం చూసింది. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. "లోపల బేళ్ల మధ్య చూశాను. అన్నయ్యా, ఇదేం పని అని అడిగాను. నన్ను వెనక్కి తోసి తలుపు వేశాడు. బయటనుంచి చెప్పాడు. అరవకు చెల్లాయ్. అరగంటలో వస్తా."

నాకు ఏడుపు రాలేదు. గబగబా లేచి షట్టరు దించేద్దామనిపించింది, నాలుగింటి లోపల. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "రానీ."

నాలుగింటికి వచ్చాడు. బల్ల మీద తెరిచిన తాళం, పక్కన చెవి చూశాడు. కూర్చున్నాడు.

"అన్నయ్యా, దీన్నేమంటారు?" అంది అమ్మమ్మ తాళం ఎత్తి.

"ఇదేం ఆటే?"

"చెప్పు."

"తాళం."

"దీన్ని?"

"చెవి." బడిలో పిల్లవాడిలా అనేశాడు. అంటూ ఉండగానే ఆయన చెయ్యి తనంతట తాను లేచి కుడిచెవిని పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆయనకి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

అమ్మమ్మ అరవలేదు. "వెనక గదిలో నూనె డబ్బా ఉంది, తెచ్చిపెట్టు" అంది. ఆయన ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచి వెళ్లాడు. ఆయన లోపలికి వెళ్లగానే అమ్మమ్మ తాళం తీసుకుని వెనకే నడిచింది. తలుపు వేసింది. మా అమ్మమ్మ తలుపు వెయ్యడం నేను పుట్టాక చూడలేదు. చెక్కకి ఇత్తడి తగిలిన చప్పుడు వినపడింది.

"అరవకు అన్నయ్యా" అంది. "అరగంటలో వస్తా."

చెవిని పిడికిట్లో పట్టుకుని, నన్ను దాటుకుని వీధిలోకి వెళ్లిపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి, చెప్పులు కూడా వేసుకోలేదు.

నేను తలుపు దగ్గరికి పరిగెత్తాను. ఆయన గుండెజబ్బు మనిషి, ఏమైనా అయితే? గడియ మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. గడియ తీసే ఉంది. తాళం గడియకి లేదు, పక్కనున్న మేకుకి వేలాడుతోంది. తలుపుని వేలితో తోస్తే చాలు. చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పలేదు.

"ఉన్నావా పిల్లా?" లోపల్నించి అన్నాడు.

"ఉన్నాను."

"ఎంతైంది?"

"నాలుగు నిమిషాలు."

మళ్లీ, "ఎంతైంది?"

"తొమ్మిది."

"వద్దామనే వెళ్లానే. నిజం. బేళ్లు బండి ఎక్కించి వెంటనే వద్దామనుకున్నా. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. చీకటి పడ్డాక వద్దామనుకున్నా. అప్పటికి అది నాన్నతో చెప్పేస్తుందని భయం పట్టుకుంది. గంట దాటితే తియ్యడం కష్టమే పిల్లా. రోజు దాటితే ఇంకా కష్టం. ఆ వీధిలోంచి నాలుగుసార్లు నడిచాను. ఒకసారి గోకుతున్న చప్పుడు వినపడింది." ఆగాడు. "ఎలకేమో అనుకున్నా. అనుకోవడానికి ప్రయత్నించా. ఎంతైంది?"

"పదహారు."

"మూడో రోజు అది బతికే ఉందన్నారు. దేవుడికి మొక్కాను. అది నోరు తెరిచి తాళం అంది. ఆ ఇన్‌స్పెక్టరు అడిగాడు. నా నోట్లోంచి వచ్చేసిందే. కొన్నాళ్లకి దానికి గుర్తొస్తుంది, అప్పుడు ఒప్పుకుందాం అనుకున్నా. దానికి రాలేదు. రోజూ వచ్చి చూసేవాణ్ణి, వచ్చిందేమోనని."

శ్రద్ధ అని అమ్మ మాకు ఇన్నాళ్లూ చూపించింది ఈ నాలుగింటి కాపలానే.

ఇరవై తొమ్మిదో నిమిషంలో అమ్మమ్మ సందు మొదట్లో కనపడింది. పక్కన ఖాకీ యూనిఫాం. అమ్మమ్మ లోపలికి వచ్చి నన్ను అడిగింది. "అరగంట అయిందా?"

"ఇంకా నిమిషం ఉంది."

నిలబడి గడియారం చూసింది. ముల్లు కదిలాక, వేలితో తలుపు తోసింది. తలుపు తెరుచుకుంది. అన్నయ్యతాత నూనె డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు చూశాడు, గడియ చూశాడు, మేకుకి వేలాడుతున్న తాళం చూశాడు.

"చూశావా అన్నయ్యా" అంది అమ్మమ్మ. "వద్దామనుకుంటే రావచ్చు."

ఆయన అప్పుడు ఏడ్చాడు. అమ్మమ్మ ఓదార్చలేదు. నా చేతికి కాగితం ఇచ్చి రాయమంది. నా రాత సంగతి తెలిసి కూడా. "ఆ రోజు వాచ్‌మన్ చేతిలో నేను చూసింది తాళం" అని చెప్పి, "పక్కన రాయి, తలుపుకి వేలాడేది అని. మళ్లీ ఏ ఇన్‌స్పెక్టరుకీ సందేహం రాకూడదు" అంది. చెవి ఎవరు చేయించారో, తలుపు ఎవరు వేశారో, మంచం పక్కన ఎవరు ఏమన్నారో అన్నీ రాయించింది. తన సంతకం పెట్టి కలం ఆయన ముందు పెట్టింది.

"పెడితే స్టేషనుకి వెళుతుందే ఇది" అన్నాడు ఆయన.

"వెళ్లాలనే."

పెట్టాడు. పెట్టి, కండక్టరు వైపు చూడకుండా, "నేనూ వస్తానమ్మా మీ నాన్న దగ్గరికి. కాళ్లు పట్టుకుంటా" అన్నాడు.

"ఆయనకి కాళ్లు నొప్పులండీ" అంది కండక్టరు, కాగితం మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుంటూ. "మీరు రాకండి."

అమ్మమ్మ మేకుకున్న తాళం తీసి, చెవి అందులోనే పెట్టి, ముగ్గురం బయల్దేరాం. వాళ్ల ఇల్లు రెండు స్టాపుల అవతల, మేడ మీద. ఒకటే గది. మంచం మీద ఒక మనిషి, దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నట్టు. కూతురు కాగితం చదివి వినిపించింది. నా అక్షరదోషాలకి రెండుచోట్ల ఆగింది. ఆయన అంతా విని, తాళం కోసం చెయ్యి చాపాడు. తెరిచి ఉన్న కొక్కాన్ని బొటనవేలితో తడిమాడు.

"నువ్వు నీళ్లు అడిగావమ్మాయ్" అన్నాడు. మా అమ్మమ్మని అమ్మాయ్ అనే మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే మిగిలినట్టున్నాడు. "చెంబు కనపడలేదు. వెతుకుతున్నా. ఈలోపు వచ్చి పట్టుకున్నారు. నీళ్లమ్మా, నీళ్లు ఇవ్వాలి అంటే ఎవడూ వినడే. జైల్లో అదే ఆలోచన. ఎవరైనా ఇచ్చారో లేదో అని. ఇచ్చారా తర్వాత?"

"ఇచ్చారు."

"ఎవరు?"

"మా అన్నయ్య" అంది.

ఆయన కూతురి వైపు చూసి కళ్లతోనే కుండ చూపించాడు. ఆవిడ గ్లాసు నింపి తెచ్చింది. అమ్మమ్మ రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆగకుండా, అడుగుదాకా తాగింది. ఆయన అంతసేపూ ఆవిడ గొంతునే చూస్తూ ఉన్నాడు.

మేం లేచేటప్పుడు తాళం తన దిండు పక్కన పెట్టించుకున్నాడు. దాంట్లోంచి చెవి ఊడదీసి అమ్మమ్మకి అందించాడు.

"ఈ తాళం నువ్వుంచుకో అమ్మాయ్."

నేను అమ్మమ్మ ముఖం చూశాను. చెవి అంటారు నాయనా అంటుందని, నవ్వాపుకుని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఆ చెవిని పిడికిట్లోకి తీసుకుంది.

"సరే" అంది.